ఇసుక సిమెంటు ఎప్పుడవుతుంది?

ఎమ్మిగనూరులో ఇల్లు మొదలుపెట్టినవాళ్ళకి సిమెంటు బస్తాల లెక్కతో నిద్ర పట్టదు. ఒకటికి ఆరు పాళ్ళు కలుపుతున్న బేల్దారిని, ఇంకో రెండు బాండ్లీల తుంగభద్ర ఇసుక వేసి సర్దమని అడుగుతారు. అలా చేస్తే మిగిలేది సిమెంటు, తగ్గేది గోడ బలం. ఇసుక నిజంగానే సిమెంటు స్థానంలో కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. దానికి ముందు అది ఒక మరలో పడి పిండి కావలసి వచ్చింది.

1890ల్లో డెన్మార్క్‌కు చెందిన ఎఫ్.ఎల్.స్మిత్ సంస్థ గొట్టపు మరను వాడుకలోకి తెచ్చింది. పొడవాటి ఇనుప పీపా, దాని లోపల చెకుముకి గులకరాళ్ళు. పీపా తిరిగేకొద్దీ రాళ్ళు దొర్లిపడి, మధ్యన చిక్కినదాన్ని నలగగొడతాయి. మన పల్లెల్లో ఎద్దు తిప్పిన సున్నపు గానుగ చేసిందీ ఇదే పని, కాకపోతే ఇంత మెత్తగా కాదు. ఆ మరలో సిమెంటునీ ఇసుకనీ కలిపి విసిరి, దానికి ఇసుక సిమెంటు అని పేరు పెట్టారు.

అమెరికాలోని ఐడహోలో 1915లో పూర్తయిన యారోరాక్ ఆనకట్టకు ఇలాంటిదే వాడారు. నూటికి 45 పాళ్ళు గ్రానైటు పొడి. అప్పటికి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన ఆనకట్ట అది. కానీ చలికీ మంచుకీ దాని పైముఖం పెచ్చులూడింది. 1930ల్లో కొత్త కాంక్రీటు తొడగవలసి వచ్చింది.

రాతి పొడి సిమెంటు పని చేయలేకపోవడానికి కారణం ఇసుకలోనే ఉంది. ఇసుక అంటే ఎక్కువగా క్వార్ట్జ్. అందులో సిలికా అణువులు గట్టి వరుసల్లో అల్లుకుని ఉంటాయి, మామూలు వేడిలో సున్నంతో కలవవు. మెత్తగా విసిరిన ఇసుక రేణువులు సందులు పూడుస్తాయి, సిమెంటు గట్టిపడటానికి ఆసరా ఇస్తాయి, అంతే. కిలో సిమెంటు రేణువుల పైభాగాలన్నీ పరిస్తే దాదాపు 300 చదరపు మీటర్లు వస్తుంది. అర మిల్లీమీటరు ఇసుక కిలోకి అయిదు కూడా నిండదు. ఒత్తిడితో కూడిన ఆవిరిలో 180 డిగ్రీల దగ్గర ఉడికిస్తే మాత్రం ఇసుక పొడి సున్నంతో కలిసి రాయవుతుంది. ఇసుక-సున్నం ఇటుకలు అలా తయారయ్యేవే.

మట్టిని కాలిస్తే అందులోని సిలికా వరుసలు చెదిరిపోతాయి. అందుకే కాల్చిన ఇటుకల పొడి, సుర్కీ, ఇసుక చేయలేనిది చేస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు దిగువ కాలువ నీళ్ళు పంపే తుంగభద్ర డ్యాం రాతి గోడను 1945లో శంకుస్థాపన చేసి, 1953 నాటికి సుర్కీ కలిపిన గారతోనే కట్టారు. 2024 ఆగస్టులో 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గోడ మాత్రం నిలిచింది.

ఇసుకను విసరడం తేలిక పని కాదు. కరెంటు చాలా ఖర్చవుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. మర దగ్గర నిలబడే కూలీ ప్రాణం కన్నా బస్తా ధర ఎక్కువ కాదు.

సిమెంటు సంచీ మీద ఒకసారి చూడండి. ఫ్లైయాష్ రకం పీపీసీ అని ఉంటే, అందులో 15 నుంచి 35 శాతం బొగ్గు బూడిద ఇప్పటికే కలిసి ఉంటుంది. మార్పిడి అక్కడ ఫ్యాక్టరీలోనే తూచి చేశారు. ఇక మళ్ళీ ఇసుక పెంచమని బేల్దారిని ఒత్తిడి చేయకండి.