రెండు హృదయముల తల్లి

గర్భిణికి మన ప్రాచీన వైద్యులు ‘దౌహృదిని’ యను పేరు పెట్టిరి. తనది యొకటి, శిశువుది యొకటి, రెండు హృదయములు గలది యని దాని భావము. అంచులదాక నూనె నిండిన పాత్రను తొణకనీయక మోసినట్లు గర్భిణిని కాపాడవలెనని చరకుడు చెప్పెను. బాల్యమున ఇంటిలో పెద్దలవద్ద ఈ గ్రంథములు చదువుకొన్ననాడు ఆ పోలిక మాకు ముచ్చటగా మాత్రమే తోచినది. దాని లోతు మేము గర్భము దాల్చిన పిదపగాని తెలిసిరాలేదు.

మా నివాసము ములకలపల్లి. 2016వ సంవత్సరమున ఖమ్మము నుండి విడివడి యేర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని అడవి మండలమిది. మా భర్తగారు ఇచ్చట ఉపాధ్యాయులు. చుట్టును కోయవారి గూడెములు. వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు సేకరణము. వానకాలమున పొంగిపొరలు వాగులు. ఈ సీమ స్త్రీలలో అనేకులు నెలలు నిండుదాక పని మానరు. తమ అలసటను గూర్చి నోరు విప్పుట వారికి అలవాటు లేదు. చదువుకొన్నవారమని చెప్పుకొను మేమును అందుకు భిన్నముగా నడువలేదు.

తొలిచూలున సిగ్గుచే అయిదవ మాసముదాక వైద్యశాలకు పోనైతిమి. పది అడుగులు వేసిన ఆయాసము, కాళ్లు లాగుట, మట్టి తినవలెనను కోరిక, ఇవియన్నియు వేవిళ్లేయని సరిపెట్టుకొంటిమి. బిడ్డ పెరిగినచో కాన్పు కష్టమగును, అన్నము తగ్గింపుమని బంధువులలో నొక పెద్దామె చెప్పగా నమ్మితిమి. తుదకు రక్తము పరీక్షింపగా హిమోగ్లోబిను 7 గ్రాములే యున్నది. గర్భిణికి అది 11 గ్రాములకు తగ్గిన రక్తహీనత యందురు. ఇనుము మాత్రలిచ్చిరి. అవి వికారము గొలుపుచున్నవనియు, మలము నల్లబడుచున్నదనియు భయపడి, మ్రింగినట్లు నటించి తలగడక్రింద దాచితిమి.

బిడ్డ నెలలు నిండకయే 1 కిలో 900 గ్రాముల బరువుతో పుట్టినది. పాలు కుడుచుటకు సత్తువలేని యా పసికందును రొమ్మున కరచుకొని గడపిన ఇరువది దినములను మరువజాలము. ఆ చిన్నది నేడు నాలుగవ తరగతి చదువుచున్నది. అయినను తలగడక్రింది మాత్రలు జ్ఞప్తికి వచ్చినపుడెల్ల మా మనస్సు కలుక్కుమనును.

ఆ మాత్ర వెనుకనున్న కథ పిదప చదివితిమి. 1928లో లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశీలించెను. ఈస్టు సారము తినిపింపగా వారు కోలుకొనిరి. అందలి గుణకారి యేదియో అప్పటికి తెలియదు. అదియే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1945లో దానిని అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ ఆమ్లము శిశువు వెన్నెముకను, మెదడును తీర్చిదిద్దుటకును అవసరము. అట్టి లోపముగల శిశువును కన్న తల్లులు మరల గర్భము దాల్చుటకు ముందే దీనిని సేవించినచో, ఆ లోపము తిరిగి కలుగుట నూటికి 72 పాళ్లు తగ్గునని 1991లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది. ఆ భాగము గర్భము నిలిచిన నాలుగు వారములలోనే రూపుదిద్దుకొనును. అప్పటికి తాను గర్భవతినని తల్లికే తెలియకపోవచ్చును. కావున బిడ్డను కోరుకొన్ననాడే వైద్యులను సంప్రదించుట మేలు.

నాల్గవ మాసము మొదలు దినమున కొకటి చొప్పున 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్ర ఉచితముగా నిత్తురు. రాత్రి భోజనానంతరము మ్రింగిన వికారము తగ్గును. మలము నల్లబడుట సహజమే. తేనీరు, కాఫీ దానివెంట త్రాగరాదు. సున్నపు మాత్రను వేరొక పూట వేసికొనవలెను. నిమ్మరసము, ఉసిరిక ఇనుమును ఒంటికి పట్టించును. తోటకూర, మునగాకు, చోళ్లు, పప్పు, గ్రుడ్డు, చేపలు మనకు అందుబాటులోనివే. 2015లో ఆరోగ్యలక్ష్మి పేర అంగన్‌వాడీలలో గర్భిణులకు ఒకపూట నిండు భోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చు ఏర్పాటు మొదలైనది. ఆ గ్రుడ్డును కొంగున దాచి యింటనున్న పెద్దబిడ్డకు తెచ్చు తల్లులను మేము చూచితిమి. అమ్మా, నీ ప్రేమ గొప్పదే. కాని ఆ గ్రుడ్డు లోనున్న బిడ్డ సొత్తు!

మా అడవిసీమకు రెండు ప్రత్యేక హెచ్చరికలు గలవు. చలిజ్వరము గర్భిణికిని శిశువునకును ప్రమాదకరము. దోమతెర విడువరాదు, జ్వరము తగిలిన దినమే రక్తము చూపించుకొనవలెను. రెండవది సికిల్‌సెల్ వ్యాధి. తల్లిదండ్రులిరువురును దాని వాహకులైనచో ప్రతి కాన్పునందును నాల్గింట నొకవంతు బిడ్డకు వ్యాధి రాగల అవకాశముండును. దీనిని రూపుమాపుటకై దేశమున 2023 జూలైలో మహోద్యమ మారంభమైనది. భర్తకును పరీక్ష చేయింపవలెను. ఇది ఆడుదాని దోషముకాదు.

ఇక మనస్సు మాట. ఉత్తరరామాయణమున గర్భవతియైన సీత గంగాతీరమునందలి ఆశ్రమములు చూడగోరెను. ఆ కోరికయే ఆమెను అడవిలో విడుచుటకు నెపమైనది. భద్రాచలము చెంతనున్న పర్ణశాలను దర్శించువారు సీతాపహరణమునకు కన్నీరిడుదురు గాని, నిండుచూలాలై ఒంటరిగా నిలిచిన సీతను తలచువారు తక్కువ. అట్టి ఒంటరితనము మన యిండ్లలోను గలదు.

మా వీథిలో నొక కోడలికి తొలి బిడ్డ పురిటిలోనే పోయినది. మరల గర్భవతియైన పిదప ఆమెకు నిద్రలేదు, తిండిలేదు, మాటలేదు. గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. మేము పోయి, ఆమెతోకూడ చింతపండు గింజలు తీయుచు కూర్చుండెడివారము, ఏమియు నడుగలేదు. మూడవనాడు ఆమెయే నోరు విప్పినది: “అక్కా, పోయిన బిడ్డకు పేరు కూడ పెట్టలేదు. ఈ బిడ్డ కదిలినప్పుడల్లా దానికి ద్రోహం చేస్తున్ననేమో అనిపిస్తది.”

మేము శాస్త్రము చెప్పలేదు, చేయి పట్టుకొంటిమి. మరునాడు ఆశా కార్యకర్తతో, భర్తతో ఆమె వైద్యురాలివద్దకు పోయినది. ఏ నెపముననైనను దినమున కొక ఘడియ ఆమెవద్ద కూర్చుండుమని అత్తగారికి మేము చెప్పితిమి. క్రమముగా నిద్ర పట్టినది. ఆడుబిడ్డ క్షేమముగా పుట్టినది. ఆమె దుఃఖము మాయమైనదని మేమనము. దానికి తోడు దొరికినది.

ప్రపంచమున గర్భిణులలో నూటికి పదిమంది, ప్రసవించినవారిలో పదుమువ్వురు మనోవ్యాధికి లోనగుదురని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలుపుచున్నది. ఇది గాలియు కాదు, గయ్యాళితనమును కాదు. రెండు వారములకు మించి దిగులు వీడకున్నను, బ్రతుకుపై విసుగు కలిగినను వైద్యులకు చెప్పవలెను. 2022 అక్టోబరులో వెలసిన టెలిమానస్ సేవను 14416 సంఖ్యపై ఎవరైనను పిలువవచ్చును.

కనీసము నాలుగు పరీక్షలు జరుగవలెను. మొదటిది మూడు నెలలలోపుననే. రక్తస్రావము, విడువని తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము వాచుట, మూర్ఛ, ఉమ్మనీరు పోవుట, శిశువు కదలిక తగ్గుట, వీనిలో నేది కనిపించినను తెల్లవారనిమ్మని వేచియుండరాదు. వాగు దాటవలసిన గూడెములవారు నెలలు నిండకముందే పాల్వంచ, కొత్తగూడెము, భద్రాచలములలో నొకచోట బస చూచుకొనుట క్షేమము.

అత్తగారలారా, ఆడుబిడ్డలారా! నూనెపాత్రను మోయుట గర్భిణి యొక్కతె పనికాదు. ఇంటివారందరి చేతులును అందుండవలెను. ఈ సాయంకాలము మీ యింటి గర్భిణిని “తిన్నావా?” యని యడిగిన పిమ్మట, “మనసెట్లున్నది తల్లీ?” యని కూడ నడుగుడు. అడిగి, ఆమె చెప్పుదాక కూర్చుండుడు.