పేరు ఒకటి, సరుకు ఒకటి

వనపర్తి మార్కెట్ యార్డుకు పల్లికాయ బస్తాలు వస్తాయి. కొనేవారు బస్తా మీద ఏమి రాసి ఉన్నదో చూసి ధర కట్టరు. లోపల చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తారు. నాలుగు ఒలిచి గింజ చూస్తారు. ఆ తరువాతనే ధర చెబుతారు. కంప్యూటరు కూడా ఒక్కొక్కప్పుడు ఈ పనే చెయ్యవలసి వస్తుంది. ఎందుకో, ఎట్లాగో తెలుసుకుందాం.

కంప్యూటరులోనూ, సెల్‌ఫోనులోనూ మనం దాచుకునే ఫోటోనైనా, పాటనైనా, పాఠాన్నైనా ఫైలు అంటారు. ఫైలు పేరు చివర ఒక చుక్క, చుక్క తరువాత మూడు నాలుగు అక్షరాలు ఉంటాయి. అక్కడ జేపీజీ అని ఉంటే ఫోటో అనీ, ఎంపీ3 అని ఉంటే పాట అనీ అనుకుంటాం. అయితే ఈ తోక బస్తా మీది రాత వంటిదే. దాన్ని ఎవరైనా చెరిపి మరొకటి రాయవచ్చు. అంతమాత్రాన లోపలి సరుకు మారదు.

ఒక విద్యార్థి ఉపకార వేతనానికి దరఖాస్తు పెడుతున్నాడనుకోండి. ఫోటో జేపీజీగా ఉండాలన్నారు. అతని దగ్గర ఉన్నది పీఎన్‌జీ అనే మరొక రకం ఫోటో. అతడు తోక మాత్రం మార్చి పంపాడు. అవతల దరఖాస్తు తీసుకునే ప్రోగ్రాము లోపలికి చూసేదైతే, ఇది జేపీజీ కాదని తిప్పికొడుతుంది. గడువు ఆనాటితో ముగిస్తే అతనికి ఎంత నష్టం! ఫోటోను దిద్దే ప్రోగ్రాములో తెరిచి, జేపీజీగా మళ్లీ దాచితేనే అది నిజంగా మారుతుంది.

మరి లోపలికి చూడటమెట్లా? ఏ ఫైలు అయినా లోపల ఒక అంకెల వరసే. ఒక్కొక్క అంకె 0 నుంచి 255 వరకు ఏదైనా కావచ్చు. దీనినే బైటు అంటారు. చాలా రకాల ఫైళ్లకు మొట్టమొదటి బైట్లలోనే ఒక గుర్తు ఉంటుంది. పీఎన్‌జీ ఫోటో 137, 80, 78, 71 అని మొదలవుతుంది. ఇందులో 80, 78, 71 అనేవి పి, ఎన్, జి అనే ఇంగ్లీషు అక్షరాలకు కంప్యూటరులో ఉన్న సంఖ్యలే. జేపీజీ ఫోటో 255, 216, 255 అని మొదలవుతుంది. ఈ గుర్తులను మేజిక్ నంబర్లంటారు. పేరు మేజిక్కే గాని, ఇందులో మాయ ఏమీ లేదు.

ఈ గుర్తులను చూసి ఫైలు రకం చెప్పే "ఫైల్" అనే ప్రోగ్రాము అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో తయారైన యూనిక్స్‌లో 1973లో వచ్చింది. కెనడాకు చెందిన ఇయాన్ డార్విన్ 1986–87లో అటువంటిదే కొత్తగా రాసి, అందరూ వాడుకునేందుకు ఇచ్చాడు. తరువాత దాని నుంచి "లిబ్‌మేజిక్" అనే లైబ్రరీ వచ్చింది. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలయం కాదు. ఒకరు రాసి పెట్టగా పదిమంది తమ ప్రోగ్రాములలో వాడుకునే పనిముట్ల పెట్టె అన్నమాట. ఏ చోట ఏ అంకెలుంటే ఏ రకమో తెలిపే పెద్ద పట్టిక అందులో ఉన్నది. ప్రోగ్రాము రాసేవారు, "ఇది ఏమిటి?" అని అడిగితే చాలు, లైబ్రరీ పట్టిక చూసి జవాబు చెబుతుంది.

వట్టి పాఠానికి అటువంటి గుర్తు ఉండనక్కర లేదు. అప్పుడు లైబ్రరీ అంకెల అమరికను చూస్తుంది. నేడు తెలుగును ఎక్కువగా యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాస్తారు. అందులో "వ" అంటే 224, 176, 181. "న" అంటే 224, 176, 168. "వనపర్తి" అనే మాటలో వ, న, ప, ర, పొల్లు, త, గుడి – మొత్తం ఏడు గుర్తులు. ఒక్కొక్కదానికి మూడు చొప్పున 21 బైట్లు. తెలుగు గుర్తు ఏదైనా మొదటి బైటు 224, రెండవది 176 గాని 177 గాని అవుతుంది. ఈ పద్ధతి ఎక్కడా తప్పకపోతే, ఇది యూటీఎఫ్-8 పాఠమని లైబ్రరీ చెబుతుంది.

కొన్ని చోట్ల గుమ్మం దగ్గర చూస్తే చాలదు. జిప్ అనే మూట ఫైలు పి, కె అనే అక్షరాలతో మొదలవుతుంది. ఇవి ఆ మూటను కల్పించిన ఫిల్ కాట్జ్ పేరులోని తొలి అక్షరాలు. ఉత్తరాలు రాసుకునే డాక్స్ ఫైలూ, సెల్‌ఫోనులో ప్రోగ్రాములను ఎక్కించే ఏపీకే ఫైలూ కూడా జిప్ మూటలే! రెండిటికీ గుమ్మం ఒకటే గనక, మూటలో ఏమేమి ఉన్నవో కూడా చూడాలి.

ఈ తేడా తెలియటం పెద్దలకూ అవసరమే. 2024లో మన దేశంలో దొంగలు పెండ్లి పత్రిక అని పేరు పెట్టి ఏపీకే ఫైళ్లు పంపారు. పత్రిక అనుకొని తెరిచి, అడిగినదానికల్లా ఒప్పుకుంటే, ఆ ప్రోగ్రాము ఫోనులోకి చేరి బ్యాంకు సంగతులు దొంగిలించగలదు. పోలీసులు దీనిని గురించి హెచ్చరించారు కూడా. పెండ్లి పత్రిక బొమ్మగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. ప్రోగ్రాముగా రావలసిన పని లేదు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చెయ్యక 1930 నంబరుకు ఫోను చెయ్యాలి.

ఒక మాట మరువకండి. లైబ్రరీ ఫైలు రకాన్ని చెబుతుందే గాని, అది మంచిదో చెడ్డదో చెప్పదు. పల్లికాయ అని తెలిసినంత మాత్రాన పుచ్చు లేదని చెప్పగలమా?

మీ బడిలో లైనక్స్ కంప్యూటరు ఉంటే ఈ పరీక్ష చేసి చూడండి. ఒక ఫోటోకు నకలు తీసి, ఆ నకలు తోకను టీఎక్స్‌టీ అని మార్చండి. పంతులుగారి సహాయంతో "ఫైల్" ఆజ్ఞ రాసి, పక్కన ఆ నకలు పేరు రాయండి. కంప్యూటరు దాన్ని పాఠం అంటుందా, ఫోటో అంటుందా? ముందుగా మీ జవాబు కాగితం మీద రాసుకొని, తరువాత మీట నొక్కండి.