గుట్టమీఁది చెట్లును చెఱువులోని పూడికయును

గుట్టమీఁది చెట్లను వేలము వేయుదురని వినఁబడఁగానే క్రింది చెఱువు ఆయకట్టుదారులు కలఁత చెందుట సహజము. గుట్ట మనది కాదు, మన కేమి యని ఊరకుండు పట్టాదారులును కలరు. ఈ యూరకుండుట వారికే నష్టము.

చెట్లున్న వాలున వాననీరు ఆకులపైఁ బడి వేగము తగ్గి, రాలుటాకుల మెత్తలో నింకి, వేళ్లవెంట మెల్లగా భూమిలోనికి దిగును. చెట్లు పోయిన వాలున అది నిలువక, పైమన్నును కోసికొని యొక్కపెట్టున చెఱువులోనికి దూఁకును. ఒక యకరమునుండి అంగుళము మందము మన్ను పోయినచో 3,630 ఘనపుటడుగు లగును; బండికి 30 ఘనపుటడుగుల చొప్పున 121 బండ్లు! అంతయు చెఱువునకే చేరకపోవచ్చును. చేరినంత మేర నీటికిఁ జోటు తగ్గును. అలుగు ముందుగాఁ బాఱును, నీరు వృథా యగును. చివరి మడులు మొదట నెండును.

పూడిక తీసికొనవచ్చును గదా యందురు. తెలంగాణమున 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెఱువు మట్టిని రైతులు పొలములకుఁ దోలుకొనిరి, అది మేలే. కాని బోడిగుట్టనుండి వచ్చునది మొరమును ఇసుకయు; దానిని పొలమునకుఁ దోలుకొనువాఁడు లేఁడు.

హిమాలయమున చమోలీ జిల్లా రేణీ గ్రామమున 1974 మార్చి నెలలో గౌరాదేవియు తోడి స్త్రీలును అడ్డు నిలిచి, చెట్లు నఱకవచ్చినవారిని మరలించిరి. 1970 నాఁటి అలకనంద వఱద ఆ ప్రాంతమువారు ఎఱిఁగినదే. పిదప ప్రభుత్వము నియమించిన సంఘము గ్రామస్థుల పక్షముననే తీర్పు చెప్పెను. మన గుట్టలు అంత యెత్తైనవి కావు. నీరు మన్నును కోయు తీరు మాత్రము ఒక్కటే.

గుట్టపొదలలో అడవిపందులు దాఁగి పైరు పాడుచేయునను ఫిర్యాదు అబద్ధము కాదు. అందులకు పొలము గట్టు ప్రక్కనున్న పొదలను మాత్రము తీసి కంచె వేసికొనవలెను. వాలు జోలికిఁ బోరాదు. వంటచెఱకునకు కొమ్మలు కోయవచ్చును, మొదలు పెకలింపరాదు. ఇదివఱకే నఱకఁబడిన చోట వాలునకు అడ్డముగాఁ గందకములు త్రవ్వి, చీలికలలో రాళ్లు పేర్చి, తొలకరిలో సీతాఫలము, కానుగ, వేప విత్తనములు వేయవలెను. మొలకలు మేకల నోటికందనంత యెదుగువఱకు మందలను రానీయరాదు.

2006 నాఁటి అటవీహక్కుల చట్టము క్రింద హక్కులు పొందినవారున్న చోట, నీటి పరీవాహక ప్రాంతమును కాపాడు నధికారము గ్రామసభకుఁ గలదు. కావున వేలమునకు ముందే సభ తీర్మానము చేసి, గుట్ట సర్వే నంబరు, చెఱువు పేరు, ఆయకట్టు యకరములు వ్రాసి అర్జీ పెట్టుకొనవలెను. చెట్లు పడిన పిమ్మట వ్రాసిన అర్జీవలన చెఱువునకు ప్రయోజన ముండదు.