బేబీ బియర్డెడ్ డ్రాగన్‌కి ఏం పెట్టాలి? ఎలా పెట్టాలి?

ఇక్కడ అమెరికాలో పెట్ స్టోర్‌కి వెళ్తే పిల్లలు గాజు ట్యాంక్ దగ్గర ఆగిపోయి, "నాన్నా, ఈ డ్రాగన్ కొందాం" అంటారు. కొనడం ఐదు నిమిషాల పని. మరి దానికి తిండి? ఈరోజు అదే చూద్దాం.

బియర్డెడ్ డ్రాగన్ సొంతూరు ఆస్ట్రేలియా. మన ఊళ్లో కంచె మీద తలాడించే తొండ ఉంది కదా, రెండూ ఒకే కుటుంబం. గుడ్డులోంచి వచ్చినప్పుడు తోకతో కలిపి 10 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నరలో 45 నుంచి 60 సెంటీమీటర్లు అవుతుంది. అంత స్పీడుగా ఎముకలు పెరగాలంటే ప్రొటీన్, కాల్షియం రెండూ బాగా అందాలి.

అందుకే చిన్నప్పుడు తిండిలో 70-80 శాతం పురుగులే ఉండాలి, మిగతాది ఆకుకూరలు. పెద్దయ్యాక ఈ లెక్క తిరగబడుతుంది: ఆకులు ఎక్కువ, పురుగులు తక్కువ.

ఏ పురుగులు? స్టోర్‌లో దొరికే కీచురాళ్లు, డ్యూబియా బొద్దింకలు బెస్ట్. సైజుకి ఒక సింపుల్ రూల్: దాని రెండు కళ్ల మధ్య ఉన్న దూరం కన్నా పురుగు పెద్దది కాకూడదు. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 10-15 నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని పెట్టండి. మిగిలినవి తీసేయండి. వదిలేస్తే రాత్రి కీచురాళ్లే దాన్ని కొరుకుతాయి!

ఇప్పుడు అసలు పాయింట్. కీచురాళ్లలో కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. అంటే కడుపు నిండినా ఎముకకి ఏమీ అందదు. అప్పుడు ఒళ్లు ఏం చేస్తుందంటే, ఎముకల్లో ఉన్న కాల్షియాన్నే లాగి వాడుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి, వణుకు వస్తుంది. దీన్నే మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. వంకర పోయిన ఎముక మళ్లీ మామూలుగా అవ్వడం కష్టం.

ఇది రాకుండా మూడు పనులు చేయాలి. ఒకటి, పురుగులకి ముందురోజే మంచి ఆకులు, క్యారెట్ పెట్టండి. పురుగు తిన్నదే మీ డ్రాగన్‌కి అందుతుంది. రెండు, పురుగుల్ని కవర్లో వేసి, చిటికెడు కాల్షియం పొడి చల్లి, ఊపి పెట్టండి. చిన్నదానికి ఇది దాదాపు రోజూ కావాలి. మూడు, యూవీబీ లైట్. ఆ వెలుతురు చర్మం మీద పడితేనే విటమిన్ డి3 తయారవుతుంది, అప్పుడే కాల్షియం ఒంటికి పడుతుంది. "కిటికీ దగ్గర ఎండ పడుతోంది కదా" అనుకోకండి, గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఎండ కాచుకునే చోట వేడి కూడా దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. వేడి చాలకపోతే తిన్నది అరగదు.

ఆకుకూరల దగ్గర మనవాళ్లకి ఒక మాట. ఫ్రిజ్‌లో పాలకూర, తోటకూర ఉంటాయి కదా అని రోజూ అవే పెట్టకండి. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. కొలార్డ్ గ్రీన్స్, ఆవ ఆకు, సన్నగా తురిమిన గుమ్మడికాయ మంచివి.

అస్సలు పెట్టకూడనివి: అవకాడో, పెరట్లో పట్టిన పురుగులు. వాటి మీద పురుగుమందు ఉండొచ్చు. ముఖ్యంగా మిణుగురు పురుగులు! ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు. సమ్మర్ సాయంత్రాల్లో పిల్లలు సరదాగా పట్టుకొస్తారు, వాళ్లకి ముందే చెప్పండి.

కాళ్లు వణకడం, నడవలేకపోవడం, తిండి మానేయడం కనిపిస్తే పొడి ఇంకాస్త ఎక్కువ వేసి చూద్దాం అనుకోవద్దు. సరీసృపాలను చూసే వెట్ దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి.

మీ డ్రాగన్ వయసెంత, ఏం తింటోంది, కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, బై!