విరగ్గొట్టగా మిగిలిన పాట!

1964లో అమెరికాలోని దక్షిణ కరోలినా నుంచి ఓ పెట్టె తిరుగు టపాలో వచ్చింది. తెరిచి చూస్తే లోపలన్నీ రికార్డులే. ఒక్కటీ వదలకుండా సగానికి విరిచేసి ఉన్నాయి! ఆ పాట ‘మిసిసిపీ గాడ్‌డామ్‌’. పాడింది నినా సిమోన్‌. ఈ సంగతి ఆమే తన ఆత్మకథలో రాసుకుంది. అలా విరగకుండా మిగిలిన రికార్డు ఒక్కటైనా చేతికి చిక్కకపోతుందా అని పాత అట్టపెట్టెలు తిరగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అరవైల నాటి జాజ్‌ గాయనీ గాయకుల సింగిల్స్‌ సేకరించే సరదా అది. సరదా అంటే వాళ్లు ఒప్పుకోరనుకోండి!

సింగిల్‌ అంటే ఏడంగుళాల చిన్న రికార్డు. అటో పాట, ఇటో పాట. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. 1949లో ఆర్‌సీఏ విక్టర్‌ కంపెనీ దీన్ని తెచ్చింది. ఒకప్పుడు మన ఇళ్లలో ఘంటసాల, సుశీల పాటలు వినిపించిన చిన్న రికార్డులూ ఆ వేగంతో తిరిగినవే. అమెరికా సింగిల్‌కి నడుమ ఒకటిన్నర అంగుళాల కన్నం ఉంటుంది. మామూలు ప్లేయర్‌ మీద పెట్టాలంటే అందులో ఓ ప్లాస్టిక్‌ బిళ్ల ఇరికించాల్సిందే.

జాజ్‌ అభిమానులు ఎక్కువగా కొన్నది పెద్ద రికార్డులు... ఎల్పీలు. సింగిల్స్‌ రేడియోలకీ హోటళ్లలోని జూక్‌బాక్సులకీ వెళ్లేవి. అక్కడ అరిగి అరిగి, పాట పాతబడగానే చెత్తబుట్టలోకి పోయేవి. మరి ఎల్పీలో ఉన్న పాట కోసం మళ్లీ సింగిల్‌ ఎందుకూ అంటే... రేడియో కోసం పాటను కుదించేవారు. ఎల్పీలో స్టీరియోలో ఉన్నది సింగిల్‌లో మోనోలో ఉండేది. చెవి తిరిగినవాళ్లకి ఆ రెండూ వేర్వేరు పాటలే!

ఇందులో ఓ తమాషా ఉంది. హిట్టయిన పాటకి ఇక్కడ విలువ తక్కువ. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ ‘హలో డాలీ’ 1964 మే నెలలో బీటిల్స్‌ని పక్కకి నెట్టి మొదటి స్థానానికి ఎక్కింది. అంత విరివిగా అమ్ముడైంది కాబట్టే ఇవాళ చవగ్గా దొరుకుతుంది. అదే ఆర్మ్‌స్ట్రాంగ్‌ 1967లో ‘వాట్‌ ఎ వండర్‌ఫుల్‌ వరల్డ్‌’ పాడితే కంపెనీ పెద్దకి నచ్చలేదు. ప్రచారమే చేయలేదు. అమెరికాలో అప్పట్లో వెయ్యి కాపీలు కూడా పోలేదంటారు. మరుసటి ఏడాది బ్రిటన్‌లో అదే నంబర్‌వన్‌! అమెరికన్లకి అది బాగా ఎక్కింది ‘గుడ్‌ మార్నింగ్‌ వియత్నాం’ సినిమా వచ్చాక, 1988లో. అప్పుడు మళ్లీ అచ్చేసిన సింగిల్‌ కాదు, ఎవరూ కొనని ఆ 1967 నాటిదే అసలు సేకర్తకి కావాలి.

ఏది పాతదో ఎలా తెలుస్తుంది? గాడులు అయిపోయాక లేబుల్‌ దాకా ఉండే నున్నటి చోట సన్నగా చెక్కిన అంకెలుంటాయి. దాన్ని వెలుతురుకి వాలుగా పట్టుకుని చూస్తారు. ‘అమ్మకానికి కాదు’ అని రాసిన తెల్ల లేబుల్‌ ఉంటే అది రేడియోవాళ్లకి పంపిన ప్రతి. ఇక స్టైరీన్‌తో చేసినవి మహా మాయదారివి. పైకి తళతళలాడుతూనే ఉంటాయి, ముల్లు పెడితే బరబరమంటాయి. వినకుండా డబ్బులు తీయొద్దు!

మళ్లీ నినా దగ్గరికి వద్దాం. 1963 జూన్‌లో నల్లజాతి హక్కుల నాయకుడు మెడ్గర్‌ ఎవర్స్‌ని మిసిసిపీలో కాల్చి చంపారు. సెప్టెంబరు 15న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. ఆ కోపంలో గంట తిరక్కుండానే నినా పాట రాసేసింది. 1964లో కార్నెగీ హాల్లో పాడింది. పేరులో ఉన్న తిట్టుని కంపెనీ సింగిల్‌ కవరు మీద నక్షత్రాలూ ఆశ్చర్యార్థకాలతో కప్పేసింది. అయినా దక్షిణాది రాష్ట్రాల్లో నిషేధించారు. తిట్టు వల్లే అన్నారు. ఒక్క తిట్టుకే పెట్టెడు రికార్డులు విరుస్తారా? ఆ పాటనే 2019లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్‌ కాంగ్రెస్‌, భద్రపరచాల్సిన రికార్డుల జాబితాలో చేర్చింది.

పాత సింగిల్స్‌ లేబుల్‌ మీద ఒక్కోసారి బాల్‌పెన్నుతో రాసిన పేరు కనిపిస్తుంది. అలా రాసి ఉంటే ధర తగ్గుతుంది. నన్నడిగితే మాత్రం, నినా పాట మీద అలాంటి పేరుంటే ఎక్కువే ఇవ్వొచ్చు. అందరూ విరుస్తున్నప్పుడు తనది దాచుకున్న మనిషి కదా!