అబద్ధాన్ని యంత్రం పట్టగలదా?

1921లో అమెరికాలోని బర్క్‌లీ పోలీసు శాఖలో పనిచేస్తూ జాన్ లార్సన్ ఒక యంత్రం తయారుచేశారు. చేతికి బీపీ పట్టీ, ఛాతీ చుట్టూ రబ్బరు గొట్టం. మసి పట్టించిన కాగితం మెల్లగా తిరుగుతుంటే సూదులు దానిమీద గీతలు గీసేవి: ఒకటి రక్తపోటుకు, ఇంకొకటి ఊపిరికి.

దీని వెనకున్న ఆలోచన ఇది: అబద్ధమాడితే భయం వేస్తుంది, గుండె దడదడలాడుతుంది, గీత ఎగసిపడుతుంది. మరి నిజం చెప్పేవాళ్లకు పోలీసుల ముందు భయం వేయదా? తప్పకుండా వేస్తుంది! యంత్రానికి తెలిసేది గుండెదడే, దాని కారణం కాదు.

తర్వాత వైద్యం చదివి మానసిక వైద్యుడైన లార్సన్‌కు ఈ చిక్కు బాగా అర్థమైంది. నేరం ఒప్పించడానికి యంత్రాన్ని బెదిరింపుగా వాడుతుంటే గట్టిగా వ్యతిరేకించారు. ఆయనలో నాకు ఎక్కువగా నచ్చేది ఇదే.

మన దేశంలో, 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, ఇష్టం లేనివారికి ఇలాంటి యంత్రంతో పరీక్ష చేయకూడదు.