సైకిల్ విమానం ఎక్కుతుంది, బ్యాటరీయే ఎక్కదు!

నెల్లూరులో విమానం దిగే వీల్లేదు. దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. అందాకా హైదరాబాద్ నుంచి గాల్లో వచ్చేవాళ్లకి తిరుపతి దగ్గరి రేణిగుంటో, చెన్నైయో దిక్కు. అక్కణ్ణుంచి నెల్లూరుకి రైలు. ఆ తర్వాత మైపాడు బీచ్‌కి పాతిక కిలోమీటర్ల లోపే. ఆ కాస్త దూరానికి సొంత సైకిల్ ఉంటే ఆటో బేరం తప్పుతుంది. మరి విమానంలో తెచ్చుకోవచ్చా?

మామూలు సైకిల్ అయితే భేషుగ్గా తెచ్చుకోవచ్చు. అట్టపెట్టెలో ప్యాక్ చేసి చెక్-ఇన్ లగేజీగా ఇవ్వాలి. మన దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కి సాధారణంగా 15 కిలోలే ఉచితం. గేర్ సైకిల్, పెట్టె కలిస్తే అది దాటడం ఖాయం. పైగా ఏటీఆర్-72 లాంటి చిన్న విమానంలో లగేజీకి చోటు తక్కువ. అందుకే టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి పెట్టె కొలతలు, బరువు చెప్పండి. మడత సైకిల్‌తో ఈ తిప్పలు తక్కువ.

ప్యాకింగ్‌లో హ్యాండిల్ పక్కకి తిప్పి, టైర్లలో గాలి తగ్గించి, పెడల్స్ విప్పాలి. కుడి పెడల్ మామూలుగానే వస్తుంది. ఎడమ పెడల్ మర రివర్స్, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. స్పానర్లు హ్యాండ్‌బ్యాగ్‌లో వద్దు, చెక్-ఇన్‌లోనే పెట్టండి.

అసలు చిక్కు ఈ-సైకిల్‌తోనే. బ్యాటరీ మీద రాసిన వోల్టుల్ని ఆంపియర్-అవర్స్‌తో గుణిస్తే వాట్-అవర్స్ వస్తాయి. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్స్ అంటే 360. విమానంలో 100 వరకు పర్లేదు, 160 వరకు ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి, అది దాటితే ప్రయాణికుల లగేజీలో నిషేధం. మీ 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 దగ్గరే ఆగుతుంది. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం. క్యాబిన్‌లో అయితే సిబ్బంది కంటబడుతుంది, కింద లగేజీ అరలో చేతికందదు. పవర్ బ్యాంక్‌ని చెక్-ఇన్‌లో పెట్టనివ్వనిది అందుకే.

మోపెడ్ సంగతా? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వెల్‌బైక్ అనే 98 సీసీ మడత మోటార్‌సైకిల్ తయారుచేసింది. డబ్బాలో పెట్టి విమానం నుంచి పారాచూట్‌తో దించడానికి! అది సైన్యం. మనకైతే పెట్రోల్ బండి లగేజీగా కుదరదు. టీవీఎస్ ఎక్సెల్ కావాల్సిందే అంటే ట్యాంకు ఖాళీ చేసి, ఆర్సీ కాపీ పట్టుకుని రైల్వే పార్శిల్ ఆఫీసుకి వెళ్లండి. నెల్లూరు స్టేషన్ చెన్నై-విజయవాడ మెయిన్ లైన్ మీదే ఉంది.

ఈ-సైకిల్ ఉన్నవాళ్లు బయల్దేరే ముందే బ్యాటరీ స్టిక్కర్ చదవండి. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర తేలితే బ్యాటరీ వదలాలా, ఫ్లైట్ వదలాలా అని ఐదు నిమిషాల్లో తేల్చుకోవాల్సి వస్తుంది.